భారీ వాయుగ్రహాల లోపల ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గురుగ్రహం, శని గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి వచ్చే సందేహాలు ఇంచుమించు అవే. అక్కడ నేల ఉందా? లేకపోతే అడుగున ఏముంది? ఎవరూ వెళ్లి చూడని లోపలి సంగతి మనకెలా తెలిసింది? వాటన్నిటినీ ఒకచోట చేర్చి, పై మబ్బుల నుంచి నడిమధ్య దాకా దిగుతున్న క్రమంలో పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. పాఠ్యపుస్తకాల బొమ్మలు ఈ గ్రహాలను విడివిడి పొరలుగా, పొరకో రంగు వేసి, మధ్యలో గట్టి గీతలు గీసి చూపిస్తాయి. గత పదేళ్లలో తెలిసినదాన్ని బట్టి చూస్తే ఆ గీతల్లో చాలావాటిని చెరిపేయాలి.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

వాయుగ్రహాలు అంటే ఏవి? మొత్తం నాలుగా, రెండా?

మన సౌరకుటుంబంలో భారీ గ్రహాలు నాలుగు. వాటిలో గురుగ్రహం, శని ప్రధానంగా హైడ్రోజన్, హీలియంలతో తయారయ్యాయి. అసలైన వాయుగ్రహాలు ఈ రెండే. యురేనస్, నెప్ట్యూన్‌లలో ఆ వాయువులు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి. వాటి బరువులో పెద్ద వంతు నీరు, అమ్మోనియా, మీథేన్, రాయి వంటి బరువైన పదార్థాలదని అంచనా. అందుకే ఆ రెంటినీ మంచు దిగ్గజాలు అంటారు.

గురుగ్రహం ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు, శనిది 95 రెట్లు. మిగతా ఏడు గ్రహాలనూ కలిపి తూచినా గురుగ్రహంలో సగం రావు.

గురుగ్రహం మీద నిలబడొచ్చా? ఎక్కడో ఒకచోట నేల ఉండాలి కదా?

నిలబడలేం. ఫొటోల్లో మనకు కనిపించేది మబ్బుల పైభాగమే. అక్కడి నుంచి కిందికి వెళ్లేకొద్దీ హైడ్రోజన్ చిక్కబడుతుంది, వేడెక్కుతుంది. అంతే తప్ప, ఇక్కడితో వాయువు అయిపోయింది, ఇక ద్రవం మొదలైంది అని చెప్పడానికి ఒక హద్దు ఎక్కడా రాదు. సముద్రానికి ఉన్నట్టు పైతలం కూడా ఉండదు.

దీనికి కారణం హైడ్రోజన్ స్వభావంలోనే ఉంది. అది వాయువు, ద్రవం అని రెండుగా విడిపోయి కనిపించాలంటే ఉష్ణోగ్రత మైనస్ 240 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉండాలి. గురుగ్రహంలో అతి చల్లని చోటు కూడా అంతకంటే చాలా వెచ్చగా ఉంటుంది. కాబట్టి ఎంత నొక్కినా హైడ్రోజన్ మెల్లమెల్లగా చిక్కబడుతుందే గానీ ఒక్కసారిగా ద్రవంగా మారదు.

మరి గ్రహం వ్యాసం, లోతు ఎక్కడి నుంచి కొలుస్తారు? భూమి మీద సముద్రమట్టం దగ్గర గాలి పీడనం ఎంతో, అంతే పీడనం ఉన్న ఎత్తును సున్నాగా పెట్టుకుంటారు. గురుగ్రహంలో ఆ చోట ఉష్ణోగ్రత సుమారు మైనస్ 108 డిగ్రీలు.

అంతా వాయువే అయితే, ఒక వ్యోమనౌక ఇటు దూరి అటు బయటికి రాలేదా?

రాలేదు. వాయువు అనగానే పలచగా ఉంటుందని అనుకుంటాం. కానీ గురుగ్రహం సగటు సాంద్రత నీటికంటే ఎక్కువ, ఘన సెంటీమీటరుకు 1.33 గ్రాములు. కొన్ని వందల కిలోమీటర్లు దిగేసరికే ఏ వ్యోమనౌకైనా వేడికి, పీడనానికి పాడైపోతుంది. ఇంకా దిగితే దాని లోహం కరిగి, ఆవిరై, చుట్టూ ఉన్న హైడ్రోజన్‌లో కలిసిపోతుంది. రెండోవైపు చేరడానికి ఏమీ మిగలదు.

ఇంత హైడ్రోజన్ ఉంది కదా, ఒక్క నిప్పురవ్వ పడితే అంటుకోదా?

అంటుకోదు. హైడ్రోజన్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. అక్కడ విడి ఆక్సిజన్ లేదు, ఉన్నదంతా దాదాపుగా నీటి రూపంలో ఇప్పటికే హైడ్రోజన్‌తో కలిసిపోయి ఉంది. గురుగ్రహంలో మెరుపులు మెరుస్తూనే ఉంటాయి, 1979లో వాయేజర్ 1 నౌక వాటిని గుర్తించింది. 1994 జులైలో షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. ఆ దెబ్బలకు భూమి అంత పెద్ద నల్లటి మచ్చలు ఏర్పడ్డాయి, కొన్నాళ్లకు చెదిరిపోయాయి. గ్రహం మాత్రం అంటుకోలేదు.

## మబ్బుల కిందికి దిగుతుంటే

ఆ మబ్బులు దేనితో తయారయ్యాయి? వాన పడుతుందా?

మనకు కనిపించే తెల్లటి పై మబ్బులు అమ్మోనియా మంచు పలుకులు. వాటి కింద అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన మబ్బులు, ఆ కింద నీటి మబ్బులు ఉంటాయని లెక్కలు చెబుతాయి. నీటి మబ్బుల దగ్గర పీడనం మన గాలికి 5 రెట్లు దాటుతుంది. పెద్ద ఉరుములు, మెరుపుల తుఫానులు పుట్టేది ఆ ప్రాంతంలోనే.

మబ్బుల కింద అంతా బాగా కలిసిపోయి ఒకేలా ఉంటుందని చాలాకాలం నమ్మారు. 2016 నుంచి గురుగ్రహం చుట్టూ తిరుగుతున్న జూనో నౌక మైక్రోవేవ్ పరికరంతో లోపలికి తొంగి చూస్తే అలా లేదు. మబ్బుల అడుగు దాటి వందల కిలోమీటర్ల లోతు దాకా కూడా అమ్మోనియా ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉంది.

ఇప్పటిదాకా ఏదైనా పరికరం లోపలికి వెళ్లిందా?

గురుగ్రహంలోకి దిగుతూ లోపలి కొలతలు పంపింది ఒక్కటే. గెలీలియో నౌక మోసుకెళ్లిన చిన్న ప్రోబ్ 1995 డిసెంబర్ 7న సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దూసుకెళ్లింది. వేడి నుంచి కాపాడే కవచమే దాని బరువులో దాదాపు సగం. వేగం తగ్గాక పారాచూట్ విప్పుకుని దిగుతూ, గంటసేపు సమాచారం పంపింది. ఆఖరి సంకేతం వచ్చేసరికి పీడనం మన గాలికి సుమారు 22 రెట్లు, ఉష్ణోగ్రత 150 డిగ్రీలు.

అది దిగిన లోతు సుమారు 150 కిలోమీటర్లు. గురుగ్రహం కేంద్రం దాకా 70 వేల కిలోమీటర్లు ఉంటుంది. పైపెచ్చు ప్రోబ్ అనుకోకుండా మబ్బులు లేని, బాగా పొడిగా ఉన్న చోట పడింది. అందుకే అది చూపించిన నీటి లెక్కను గ్రహం మొత్తానికీ వర్తింపజేయలేకపోయారు. హీలియం, నియాన్ లెక్కలు మాత్రం ఈ రోజుకీ బంగారమే. లోతుల్లో ఏం జరుగుతోందో చెప్పే నేరు సాక్ష్యం మనకు అంతకు మించి లేదు.

ఒక మనిషి అందులో పడితే ఏమవుతుంది?

ముందుగా చెప్పాల్సింది, గ్రహం దగ్గరికి చేరేలోపే అక్కడి రేడియేషన్ ప్రాణం తీస్తుంది. దాన్ని తట్టుకునే సూట్ ఉందనుకుందాం. మబ్బుల దగ్గర బరువు భూమి మీద కంటే రెండున్నర రెట్లు. మొదట ఎముకలు కొరికే చలి. కిందికి పోయేకొద్దీ వెచ్చబడి, ఒకచోట గదిలో ఉన్నంత హాయైన ఉష్ణోగ్రత వస్తుంది. అక్కడ పీడనం మన గాలికి ఆరేడు రెట్లు, అంటే సముద్రంలో 60 మీటర్ల లోతులో ఉన్నంత. ఊపిరి పీల్చుకోవడానికి ఆక్సిజన్ ఉండదు, కింద కాలు మోపడానికి ఏమీ ఉండదు.

అక్కడి నుంచి పరిస్థితి త్వరగా విషమిస్తుంది. వందల డిగ్రీలు, తర్వాత వేల డిగ్రీలు. శరీరమైనా సూట్ అయినా ఆవిరైపోయి, వాటి అణువులు గ్రహంలో భాగమైపోతాయి.

ఆ రంగుల పట్టీలు పైపైనే ఉంటాయా, లోపలికీ వెళ్తాయా?

దశాబ్దాల పాటు సాగిన వాదన ఇది. కొందరు ఈ గాలులు మబ్బుల వరకే అన్నారు, కొందరు గ్రహం అడుగు దాకా అన్నారు. 2018లో జూనో గురుత్వాకర్షణ కొలతలు దీన్ని తేల్చాయి. గురుగ్రహంలో గాలులు సుమారు 3,000 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నాయి. శనిలో సుమారు 9,000 కిలోమీటర్లు.

అక్కడే ఎందుకు ఆగాలి? ఆ లోతుల్లో హైడ్రోజన్ కాస్త కాస్తగా విద్యుత్తును ప్రవహింపజేయడం మొదలుపెడుతుంది. అప్పుడు అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టి లాగుతుంది. తూర్పుకీ పడమరకీ వేర్వేరుగా పరుగెత్తే ప్రవాహాలు నెమ్మదించి, లోపలి భాగమంతా దాదాపు ఒకే ముద్దగా తిరుగుతుంది. శని తేలికైనది కాబట్టి అంతటి పీడనం రావాలంటే ఇంకా లోతుకు వెళ్లాలి. అందుకే అక్కడ గాలులు మరింత లోతుగా ఉన్నాయి. ఈ లెక్క రెండు గ్రహాలకూ సరిపోవడం నాకు చాలా ముచ్చటేస్తుంది. ఇక ప్రఖ్యాతమైన పెద్ద ఎర్ర మచ్చ లోతు మాత్రం 500 కిలోమీటర్లకు మించదు.

## ఇంకా లోతుల్లో

లోహ హైడ్రోజన్ అంటారు, వాయువు లోహం ఎలా అవుతుంది?

లోహమంటే గట్టిగా, మెరుస్తూ ఉండే వస్తువు అని మన అలవాటు. భౌతికశాస్త్రంలో ముఖ్యమైనది వేరే లక్షణం: ఎలక్ట్రాన్లు ఒక్కో పరమాణువుకు కట్టుబడి ఉండకుండా స్వేచ్ఛగా తిరగాలి. పీడనం మన గాలికి పది ఇరవై లక్షల రెట్లు చేరేసరికి హైడ్రోజన్ అణువులు ఎంత దగ్గరికి నొక్కుకుపోతాయంటే, ఏ ఎలక్ట్రాన్ ఏ పరమాణువుదో చెప్పే వీలుండదు. అప్పుడు హైడ్రోజన్ విద్యుత్తును చక్కగా ప్రవహింపజేస్తుంది. అది ఘనపదార్థం కాదు, వేల డిగ్రీల వేడిలో సలసల కాగే ద్రవ లోహం.

ఇలాంటి స్థితి సాధ్యమని 1935లో యూజీన్ విగ్నర్, హిలార్డ్ హంటింగ్టన్ లెక్కగట్టారు. 1996లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ద్రవ హైడ్రోజన్‌ను బలమైన తాకిడితో నొక్కి, 14 లక్షల రెట్ల పీడనం దగ్గర అది లోహంలా ప్రవర్తించడం కొలిచారు. ఆ స్థితి నిలిచింది రెప్పపాటులో ఎన్నో వంతు మాత్రమే. గురుగ్రహంలో మాత్రం ఎక్కువ భాగం ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉంటుంది. అక్కడ మామూలు హైడ్రోజన్ నుంచి లోహ హైడ్రోజన్‌కు మారడం కూడా ఒక గీత దగ్గర జరగదు, వేల కిలోమీటర్ల మేర క్రమంగా జరుగుతుంది.

హీలియం వాన నిజమా, ఊహా?

బలమైన ఆధారాలున్న సిద్ధాంతం. హైడ్రోజన్, హీలియం మామూలుగా కలిసే ఉంటాయి. హైడ్రోజన్ లోహంగా మారే లోతుల్లో మాత్రం, ఉష్ణోగ్రత తగినంత తక్కువగా ఉంటే, అవి నూనె, నీళ్లలా విడిపోతాయి. బరువైన హీలియం చుక్కలుగా కూడి కిందికి రాలుతుంది.

గెలీలియో ప్రోబ్ పైభాగంలో కొలిచినప్పుడు, సూర్యుడు పుట్టినప్పటి పదార్థంలో ఉండాల్సినదానికంటే హీలియం తక్కువగా కనిపించింది. నియాన్ అయితే ఉండాల్సినదాంట్లో పదో వంతే. నియాన్ హీలియం చుక్కల్లో బాగా కరుగుతుంది కాబట్టి వానతోపాటే కిందికి పోయిందని అర్థం చేసుకోవచ్చు. శని ఇంకా చల్లారిన గ్రహం కాబట్టి అక్కడ ఈ వాన మరింత జోరుగా ఉండాలి. అలా పడే చుక్కలు విడుదల చేసే శక్తి వల్లే శని తన వయసుకు మించి వేడిగా ఉందని 1977లో డేవిడ్ స్టీవెన్‌సన్, ఎడ్విన్ సాల్పీటర్ వివరించారు.

సూర్యుడి నుంచి వచ్చే వేడి కంటే గురుగ్రహం ఇచ్చే వేడే ఎక్కువట. లోపల ఏమైనా మండుతోందా?

ఏమీ మండడం లేదు, నక్షత్రాల్లోలా హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తినిచ్చే కేంద్రక సంలీనం కూడా జరగడం లేదు. సూర్యుడి నుంచి గ్రహించేదానికి దాదాపు రెట్టింపు శక్తిని గురుగ్రహం బయటికి పంపుతుందన్నది మాత్రం నిజం. 450 కోట్ల ఏళ్ల క్రితం అంత పదార్థం ఒకచోట కూలి ముద్దైనప్పుడు పుట్టిన వేడి ఇంకా పూర్తిగా పోలేదు. గ్రహం చల్లారేకొద్దీ కొద్దిగా కుంచించుకుపోతుంది, ఆ కుంచించుకోవడం మళ్లీ వేడిని పుట్టిస్తుంది.

గురుగ్రహానికి అంత బలమైన అయస్కాంత క్షేత్రం ఎలా వచ్చింది?

విద్యుత్తును మోసే ద్రవం, లోపలి నుంచి వేడి, వేగంగా తిరగడం. ఈ మూడూ కలిస్తే గ్రహమే డైనమోగా, అంటే కదలిక నుంచి విద్యుత్తునూ అయస్కాంత క్షేత్రాన్నీ పుట్టించే యంత్రంగా మారుతుంది. గురుగ్రహంలో మూడూ దండిగా ఉన్నాయి. లోహ హైడ్రోజన్ సముద్రమంత కాదు, ఎన్నో భూములంత ఉంది. గ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 10 గంటలు కూడా పట్టదు.

శని క్షేత్రం ఇంకో రకం వింత. దాని అయస్కాంత అక్షం, భ్రమణ అక్షం దాదాపు పూర్తిగా ఒకటే, తేడా డిగ్రీలో నూరో వంతు కూడా లేదు. హీలియం వాన వల్ల ఏర్పడిన ప్రశాంతమైన పొర ఒకటి క్షేత్రంలోని వంకరలను పైకి కనబడనీయడం లేదని చాలామంది భావిస్తున్నారు.

## నడిమధ్యలో

మధ్యలో రాతి గోళం ఉందా, లేదా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందే?

మీరు చదివిన పుస్తకం ఎప్పటిదన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పాత చిత్రంలో నడిమధ్యన సుమారు పది భూముల బరువున్న రాయి, మంచుల గోళం ఉంటుంది. ముందు ఆ గోళం పుట్టిందని, తర్వాత అది తన ఆకర్షణతో చుట్టూ ఉన్న వాయువును లాక్కుందని గ్రహాల పుట్టుక సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి ఆ గోళం ఇంకా అలాగే ఉండాలని అనుకున్నారు.

జూనో కొలతలు వచ్చాక ఆ చిత్రం సరిపోలేదు. బరువైన పదార్థం ఉంది, చాలానే ఉంది, కానీ గోళంగా లేదు. హైడ్రోజన్, హీలియంలతో కలిసిపోయి, గ్రహం వ్యాసార్థంలో మూడో వంతు నుంచి సగం దాకా పరచుకుని ఉంది. కేంద్రం దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. గర్భం ఎక్కడ ముగుస్తుందో చెప్పే అంచు లేదు. దీన్ని పలచబడిన గర్భం అంటున్నారు.

శనిలో ఇది ఇంకా స్పష్టం. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఆ గ్రహం గర్భం వ్యాసార్థంలో 60 శాతం దాకా వ్యాపించి ఉంది. అందులో రాయి, మంచు కలిపి 17 భూములంత ఉంటే, మిగతాది వాటితో కలిసిన హైడ్రోజన్, హీలియం.

ఎందుకిలా కలిసిపోయింది? లోహ హైడ్రోజన్‌లో నీరు, రాతి ఖనిజాలు కరగగలవని లెక్కలు చూపిస్తున్నాయి. అదొక కారణం. గురుగ్రహం పసితనంలో పెద్ద గ్రహపిండం ఒకటి నేరుగా ఢీకొని గర్భాన్ని చెల్లాచెదురు చేసిందని మరో వాదన. నాకు మూడో వాదన సబబుగా తోస్తుంది: గ్రహం పెరుగుతున్నప్పుడే రాళ్లు, వాయువు కలిసి వచ్చి పడ్డాయి, మొదటి నుంచే హద్దు లేదు. అరుదైన ఢీ ఒకే రకంగా రెండు గ్రహాలకూ తగలడం కష్టం, శనిలో కూడా ఇదే తీరు కనిపిస్తోంది కదా.

కేంద్రంలో వేడి, పీడనం ఎంత ఉంటాయి?

గురుగ్రహంలో ఉష్ణోగ్రత సుమారు 20 వేల డిగ్రీలు, అంటే సూర్యుడి ఉపరితలానికి మూడున్నర రెట్ల పైన. పీడనం మన గాలికి కనీసం 4 కోట్ల రెట్లు. పోల్చడానికి, భూమి కేంద్రంలో పీడనం 36 లక్షల రెట్లు.

## చూడకుండా ఎలా తెలిసింది?

గురుత్వాకర్షణను బట్టి లోపల ఏముందో ఎలా చెబుతారు?

వేగంగా తిరిగే గ్రహం నడుము దగ్గర ఉబ్బుతుంది. గురుగ్రహం నడుము దగ్గరి వ్యాసార్థం ధ్రువాల దగ్గరికంటే సుమారు 4,600 కిలోమీటర్లు ఎక్కువ. బరువంతా నడిమధ్యే ఉంటే ఆ ఉబ్బు వల్ల ఆకర్షణలో వచ్చే తేడా ఒకలా ఉంటుంది, బరువు పరచుకుని ఉంటే మరోలా ఉంటుంది.

ఆ తేడాను కొలిచేది నౌక వేగంతో. జూనో మబ్బులకు కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో దూసుకెళ్తున్నప్పుడు, కింద బరువు ఎక్కువున్న చోట కాస్త ఎక్కువ లాగబడుతుంది. వేగం మారితే అది పంపే రేడియో సంకేతం పౌనఃపున్యం మారుతుంది. భూమి మీది పెద్ద యాంటెనాలు ఆ మార్పును పట్టుకుంటాయి. సెకనుకు మిల్లీమీటరులో నూరో వంతు వేగం మారినా తెలిసిపోతుంది. కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి అంత సన్నటి కొలత సాధ్యమైంది కాబట్టే లోపలి కథ మారింది.

శని వలయాలకూ శని లోపలికీ సంబంధం ఏంటి?

శని లోపల ఎప్పుడూ ప్రకంపనలు ఉంటాయి. గ్రహం అలా కొద్దికొద్దిగా కదిలినప్పుడు దాని ఆకర్షణ కూడా లయగా మారుతుంది. ఆ లయకు సరిపోయే వేగంతో తిరిగే వలయాల కణాలు కుదుపుకు లోనై, వలయంలో సర్పిలాకారపు అలలు లేస్తాయి. కాసినీ నౌక 2004 నుంచి 2017 దాకా శని దగ్గర ఉండి ఆ అలలను నమోదు చేసింది. భూకంప తరంగాలతో భూగర్భాన్ని చదివినట్టే, వీటితో శని లోపలిని చదివారు. శని తన చుట్టూ తాను తిరగడానికి 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లు పడుతుందని తేలింది కూడా వీటివల్లే.

## మిగతా గ్రహాల సంగతి

శనిని నీళ్లలో వేస్తే తేలుతుందంటారు, నిజమేనా?

సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.69 గ్రాములు, నీటికంటే తక్కువ. ఆ మాట నిజం. కానీ అది సగటు మాత్రమే. లోపలి భాగం నీటికంటే చాలా చిక్కగా ఉంటుంది. పైగా గట్టి వస్తువు కాదు కాబట్టి బంతిలా తేలే ప్రసక్తే లేదు.

యురేనస్, నెప్ట్యూన్‌లలో వజ్రాల వాన పడుతుందా?

పడే అవకాశం ఉంది. ఆ గ్రహాల లోతుల్లో మీథేన్ విడిపోయి, అందులోని కార్బన్ వజ్రంగా మారి కిందికి రాలవచ్చు. 2017లో అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను శక్తివంతమైన లేజర్లతో నొక్కినప్పుడు అతి సూక్ష్మమైన వజ్రాలు ఏర్పడ్డాయి. ఆ గ్రహాల్లోకి వెళ్లి చూసినవారు లేరు, వాటి పక్కనుంచి వెళ్లినది కూడా వాయేజర్ 2 ఒక్కటే: 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్.

గురుగ్రహం నక్షత్రం కాబోయి ఆగిపోయిందా?

కాదు. నక్షత్రం కావాలంటే గురుగ్రహానికి దాదాపు 80 రెట్ల ద్రవ్యరాశి కావాలి. అప్పుడే కేంద్రంలో హైడ్రోజన్ సంలీనం నిలకడగా సాగుతుంది. ఇంకా పదార్థం వచ్చి చేరినా గురుగ్రహం సైజు పెద్దగా పెరగదు, ఎందుకంటే పెరిగిన బరువు లోపలి భాగాన్ని ఇంకా గట్టిగా నొక్కేస్తుంది.

వేరే నక్షత్రాల చుట్టూ ఉన్న వాయుగ్రహాల లోపల కూడా ఇలాగే ఉంటుందా?

అన్నీ ఒకేలా లేవు. అంత దూరంలో ఉన్న గ్రహానికి సాధారణంగా దొరికేవి ద్రవ్యరాశి, వ్యాసార్థం మాత్రమే. ఆ రెంటితో కూడా చాలా చెప్పొచ్చు. నక్షత్రానికి మరీ దగ్గరగా తిరిగే కొన్ని గ్రహాలు వేడికి ఉబ్బి, గురుగ్రహం కంటే చాలా పెద్దగా ఉన్నాయి. దీనికి పూర్తి విరుద్ధంగా, 2005లో ప్రకటించిన హెచ్‌డి 149026 బి అనే గ్రహం శని కంటే కాస్త బరువైనదే అయినా సైజులో శని కంటే చిన్నది. నక్షత్రం పక్కనే మాడుతూ కూడా అంత చిన్నగా ఉందంటే, దాని బరువులో సగానికి పైగా, అంటే అరవై డెబ్బై భూములంత, హైడ్రోజన్, హీలియం కాని బరువైన పదార్థం ఉండి ఉండాలి.